ఉప్పు నీళ్ల ఇంట్లో నీటి పొదుపు: పది నెలల ప్రాజెక్టు డైరీ

మా ఇల్లు ఒంగోలులో, కర్నూలు రోడ్డు వైపు. మూడు సెంట్ల స్థలం, డాబా 24 అడుగులు × 36 అడుగులు. ఉండేది నలుగురం: నేను, ఆయన, అత్తయ్య, ఇంటర్ చదివే మా వాడు. నీళ్లు రెండు రకాలు. బోరు నీళ్లు పై ట్యాంకుకు ఎక్కి స్నానాలకు, బట్టలకు, ఆర్‌ఓకి పోతాయి. రెండు మూడు రోజులకోసారి వచ్చే కుళాయి నీళ్లు 1,500 లీటర్ల సంపులో పడతాయి. అవి సాగర్ కుడి కాలువ నుంచి వచ్చేవి, చప్పగా ఉంటాయి. వంటకీ మొక్కలకీ అవే వాడేవాళ్లం. డాబా మెట్ల పక్కన 14 కుండీలు, పెరట్లో నేల మీద ఒక కరివేపాకు చెట్టు.

మీ ఇంటి నీళ్లు వేరుగా ఉంటే నా అంకెలు మీకు పనికిరావు. కొలిచే పద్ధతి మాత్రం పనికొస్తుంది. ఇదంతా 2023 మార్చి నుంచి రాసుకున్న నోటు పుస్తకంలోది.

దశ 1: ఆర్‌ఓ వదిలేసే నీళ్లు మొక్కలకు (మార్చి 5 – మార్చి 28)

ఆర్‌ఓ వెనక సన్న గొట్టంలోంచి సింకులోకి పోయే నీళ్లను 40 లీటర్ల టబ్బులోకి మళ్లించాను. రోజుకు మేము పట్టేది 20 లీటర్ల మంచినీళ్లు. టబ్బులో పడేది 47 లీటర్లు. ఈ అంకె చూసి అత్తయ్య, "ఒక బిందె పట్టుకోడానికి రెండు బిందెలు పారబోస్తున్నామా అమ్మాయ్?" అన్నారు. రెండు కాదు, రెండుంపావు పైనే.

ఆ 47 లీటర్లూ ఉదయం సగం, సాయంత్రం సగం కుండీలకు, కరివేపాకుకు పోశాను. ఎవరిని అడిగినా ఆర్‌ఓ నీళ్లు మొక్కలకు పొయ్యమనే చెప్తారు.

పదకొండో రోజున గులాబీ ఆకుల అంచులు నిప్పు తగిలినట్టు గోధుమ రంగుకు తిరిగాయి. ఎండ దెబ్బ అనుకుని ఇంకో చెంబు ఎక్కువ పోశాను. ఇది నేను చేసిన రెండో తప్పు. పద్దెనిమిదో రోజుకు చిక్కుడు తీగ పూత మొత్తం రాల్చింది. కరివేపాకు చెట్టు కింద ఉదయం ఊడిస్తే చేటెడు ఆకు. కుండీ అంచు చుట్టూ తెల్లగా పొర కట్టి ఉంది. వేలితో గీకి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు. అప్పడాల డబ్బా అడుగున మిగిలే పొడిలాగా ఉంది.

మార్చి 28న ఆపేశాను. రెండు గులాబీలు, చిక్కుడు పోయాయి.

లెక్క: ఖర్చు ₹240 (టబ్బు 180, గొట్టం 60). తిరిగి వాడిన నీళ్లు 23 రోజులు × 47 = 1,081 లీటర్లు. చచ్చిన మొక్కలు 3.

దశ 2: మీటరు కొని మొదటినుంచి (మార్చి 29 – మే 13)

ఆర్‌ఓ ఉప్పును మాయం చెయ్యదు, పక్కకు నెడుతుంది. మన గ్లాసులోంచి తీసిందంతా ఆ సన్న గొట్టంలోనే వస్తుంది. ఇంత తేలిక విషయం మూడు మొక్కలు పోయాక గాని తలకెక్కలేదు.

పెన్నులా ఉండే టీడీఎస్ మీటరు ₹270కి తెప్పించాను. నీళ్లలో కరిగిన లవణాలను కరెంటు ఎంత పారుతుందో చూసి అంచనా కట్టే పరికరం ఇది. వాడేటప్పుడు మూడు జాగ్రత్తలు:

1. ప్రతి కొలతకు ముందు ఏసీ నీళ్లతోనో, ఆర్‌ఓ మంచినీళ్లతోనో మొన కడగాలి. లేకపోతే ముందు ముంచిన నీళ్ల ఉప్పు కలిసి అంకె తప్పుతుంది.
2. మధ్యాహ్నం పై ట్యాంకు నీళ్లు కాలిపోతుంటాయి. గ్లాసులో చల్లారాక కొలవాలి.
3. ఒక్కో నీటికి మూడుసార్లు చూసి నడిమి అంకె రాసుకోవాలి.

ఏప్రిల్ రెండో వారం కొలతలు, పీపీఎంలో (లీటరుకు మిల్లీగ్రాములన్నమాట):

బోరు: 1,420
కుళాయి: 310
ఆర్‌ఓ మంచినీళ్లు: 85
ఆర్‌ఓ వదిలేసేవి: 1,990
కుళాయి నీళ్లతో బియ్యం కడిగినవి: 380
ఏసీ గొట్టంలోంచి కారేవి: 28
వాషింగ్ మెషీన్ మొదటి సబ్బు నీళ్లు: 2,650
చివరి జాడింపు నీళ్లు: 1,510

తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ 500 దాకా ఉండొచ్చు. వేరే దారి లేని చోట 2,000 దాకా ఒప్పుకుంటారు. అంటే నా గులాబీలకు మూడు వారాలపాటు మనిషికి కూడా ఆఖరి హద్దులో ఉన్న నీళ్లు పోశాను. అదీ కుండీలో. నేలలోనైతే ఉప్పు కిందికి దిగే దారి కొంత ఉంటుంది. కుండీలో నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు అక్కడే కూర్చుంటుంది. కొబ్బరి, సపోటా లాంటివి కొంత ఓర్చుకుంటాయట. మాకు ఆ రెండూ లేవు.

కుండీ మట్టి కడిగిన పద్ధతి:

1. కుండీని రెండు ఇటుకల మీద ఎత్తి, కింద బేసిన్ పెట్టాను.
2. పై పొర అంగుళం మందం గీకి పారేశాను.
3. కుండీలో పట్టే మట్టికి రెండింతలు, అంటే 30 లీటర్ల కుళాయి నీళ్లు, చెంబు చెంబుగా గంటసేపు పోశాను. ఒక్కసారే గుమ్మరిస్తే పక్కలనుంచి జారిపోతాయి, మట్టిలో ఉప్పు కదలదు.
4. కిందికి కారిన మొదటి గ్లాసు, ఆఖరి గ్లాసు కొలిచాను. మందారం కుండీలో మొదటిది 4,100. ఆఖరిది 960.

చచ్చిన మూడింటి మట్టితో కలిపి 14 కుండీలకూ ఇదే పని. 420 లీటర్ల మంచినీళ్లు, రెండు కుళాయి రోజులు పట్టింది. నీళ్లు మిగల్చబోయి నీళ్లు పారబోసినట్టయింది. ఆ 420 మొత్తంలోంచి తీసేశాను.

ఇక ఆర్‌ఓ ఉప్పు నీళ్లు ఏం చెయ్యాలి? ఇల్లు తుడిచి చూశాను. హాల్లో నల్ల గ్రానైటు. ఆరాక ఎవరో చెయ్యి తిరగని పిల్ల ముగ్గు పెట్టినట్టు తెల్ల చారలు. ఆయన ఏమీ అనలేదు, లైటు వేసి చూపించారు అంతే. ఆ రోజునుంచి ఆ నీళ్లు బాత్రూమ్‌లోనే పెద్ద బకెట్‌లో పెట్టి, ఫ్లష్ నొక్కే బదులు పోస్తున్నాం. 46 రోజులు × 47 = 2,162 లీటర్లు. ఇందులో ఏ ఇబ్బందీ రాలేదు.

ఏసీ నీళ్లు రాత్రికి 7 లీటర్ల దాకా వస్తున్నాయి. మనది సముద్రగాలి ఊరు కాబట్టి గాలిలో తడి ఎక్కువ. కుండీలకు ఇంతకన్నా మేలైన నీళ్లు లేవు. "ఇన్వర్టర్ బ్యాటరీకి పోద్దాం, డిస్టిల్డ్ వాటరే కదా" అన్నాడు మా వాడు. కాదు. లోపల రాగి, అల్యూమినియం మీదుగా, దుమ్ము మీదుగా కారిన నీళ్లవి. బ్యాటరీకి కొన్నవే పోశాం.

లెక్క (ఇక్కడినుంచి అన్నీ మొదటినుంచి కలిపినవే): ఖర్చు ₹510. నీళ్లు 1,081 − 420 + 2,162 = 2,823 లీటర్లు. ఏసీవి చివర్లో కలుపుతాను.

దశ 3: ఆర్‌ఓకి వెళ్లే నీళ్లే మార్చడం (మే 14 – జూన్ 11)

వదిలేసే నీళ్లను ఏం చెయ్యాలా అని రెండు నెలలు తల బద్దలు కొట్టుకున్నాను. అసలు లోపలికి వెళ్లే నీళ్లు మార్చొచ్చన్న మాట చెప్పింది ప్లంబర్. "కుళాయి నీళ్లు కింద ఉంచుకుని బోరు నీళ్లని శుద్ధి చేస్తున్నారేంటక్కా?"

చేసిన పని: డాబా మీద వంటింటికి సరిగ్గా పైన 200 లీటర్ల చిన్న ట్యాంకు పెట్టాం. సంపులోని అర హెచ్‌పీ మోటరుతో దాన్ని నింపి, అక్కడినుంచి వంటింటికి వేరే లైను దింపాం. ట్యాంకు ₹1,350, పైపులు, ఎల్బోలు, రెండు బాల్ వాల్వులు కలిపి ₹640, కూలి ₹800.

జరిగిన తప్పు: ట్యాంకును డాబా నేల మీదే పెట్టించాను. ఆర్‌ఓకి నీటి ఒత్తిడి చాలక రెండు నిమిషాలకోసారి ఆగి, మళ్లీ గర్రుమని మొదలయ్యేది. ఆరు సిమెంటు దిమ్మెలు పేర్చి మూడడుగులు ఎత్తితే సరిపోయింది. దిమ్మెలు ఇల్లు కట్టినప్పుడు మిగిలినవే, వాటికి ఖర్చు లేదు. మీరు చేస్తే మొదటే ఎత్తండి. నిండిన ట్యాంకును దించి ఎత్తడం ఆదివారం పూట చెయ్యాల్సిన పని కాదు.

కొలత: ఆర్‌ఓ వదిలేసే నీళ్లు 1,990 నుంచి 435కి పడిపోయాయి. ఇప్పుడు అవే మొక్కలకు పోయొచ్చు. 29 రోజులు × 47 = 1,363 లీటర్లు పోశాను. ఒక్క ఆకు కూడా మాడలేదు.

లెక్క: ఖర్చు ₹3,300. నీళ్లు 4,186 లీటర్లు.

దశ 3 కొనసాగింపు: మెంబ్రేన్ పక్కన పెట్టడం (జూన్ 12 నుంచి)

310 టీడీఎస్ నీళ్లకు ఆర్‌ఓ, అంటే లోపల ఉప్పును ఆపే మెంబ్రేన్ అనే పొర, ఎందుకన్నది తర్వాతి ప్రశ్న. టీడీఎస్ 500 లోపున్న చోట ఆర్‌ఓ వాడకాన్ని ఆపాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. అయినా అత్తయ్య ఒప్పుకోలేదు. ఆమెది కనిగిరి వైపు ఊరు. ఫ్లోరైడు నీళ్లు తాగి పళ్లు గారపట్టిన వాళ్లను, మోకాళ్లు వంగిపోయిన వాళ్లను చూస్తూ పెరిగిన మనిషి. "మా ఊరి బావి నీళ్లు తియ్యగానే ఉండేవమ్మాయ్. మీ పెన్ను చెప్తుందా అందులో ఏముందో?"

చెప్పదు. టీడీఎస్ మీటరుకు ఫ్లోరైడు, సూక్ష్మజీవులు తెలియవు, మొత్తం లవణాల లెక్క ఒక్కటే తెలుసు. ఆమె పట్టుబట్టడం వల్లే రెండు సీసాలు నీటి పరీక్ష ల్యాబుకు ఇచ్చాం, ₹500. ఫ్లోరైడు లీటరుకు కుళాయిలో 0.6 మిల్లీగ్రాములు, బోరులో 1.3. ప్రమాణం 1.0, తప్పనిసరైతే 1.5 దాకా. బోరు నీళ్లు మెంబ్రేన్ లేకుండా తాగకూడదని తేల్చుకున్నాం. కార్బన్ ఫిల్టరు, యూవీ దీపం ఫ్లోరైడును తియ్యవు.

మెకానిక్ ₹300 తీసుకుని మెంబ్రేన్ పక్కనుంచి ఒక వాల్వు పెట్టాడు. కుళాయి నీళ్లున్న రోజు: దుమ్ము ఫిల్టరు, కార్బన్, యూవీ, గ్లాసు. వదిలేసేవి సున్నా. కుళాయి రాని రోజు వాల్వు తిప్పి, బోరు నీళ్లు మెంబ్రేన్ గుండా. మెంబ్రేన్ వరుసగా నాలుగు రోజులు వాడకపోతే మొదటి రెండు లీటర్లు పారబోస్తున్నాం, వాసన వస్తుంది.

ఫ్లోరైడున్న ఊళ్లలో, కనిగిరి, పామూరు, పొదిలి వైపు వాళ్లు, ల్యాబు కాగితం చేతికి రాకుండా ఈ ఒక్క పని మాత్రం నన్ను చూసి చెయ్యకండి.

లెక్క: ఖర్చు ₹4,100. నీళ్ల లెక్క డిసెంబరులో.

దశ 4: వంటింటి చెత్త (మే 10 – ఆగస్టు)

ఇది పక్కన నడిచిన పని. 20 లీటర్ల పెయింటు బకెట్లు రెండు ₹160కి కొని, కాల్చిన ఇనుప ఊచతో చుట్టూ చిల్లులు పెట్టాను. రోజుకు చెత్త సగటున 850 గ్రాములు.

తొమ్మిదో రోజున మూత తీస్తే బకెట్ కదులుతున్నట్టు కనిపించింది. తెల్ల పురుగులు, చీకిపోయిన వాసన. ఉలవపాడు మామిడిపళ్ల కాలం, రోజూ తొక్కలూ టెంకలూ. తడి మీద తడి వేస్తూ పోయాను, పొడిది ఏమీ వెయ్యలేదు. మార్చింది ఇది:

1. ఒక గిన్నె చెత్త వేస్తే, ఒక గిన్నె పొడిది పైన. టింబర్ డిపోలో రంపపు పొట్టు గోతాం ₹100. ప్లైవుడ్ కోసిన పొట్టు వద్దు, అందులో జిగురు ఉంటుంది.
2. టెంకలు వేరు. మూడు నెలలైనా అవి అలాగే ఉంటాయి.
3. పిడికిట పట్టి పిండితే చుక్క రాకూడదు. వస్తే ఇంకా పొట్టు వెయ్యాలి.
4. నాలుగు రోజులకోసారి కలపాలి. పులిసిన మజ్జిగ ఒక గ్లాసు.

45 రోజుల్లో 38 కిలోలు వేస్తే, జల్లించాక 6.5 కిలోల ఎరువు వచ్చింది. నల్లగా, వాన పడ్డ మట్టి వాసనతో. కుండీల్లో వెయ్యబోయి ఆగాను. మార్చి నాటి దెబ్బ ఇంకా గుర్తుంది. ఒక కప్పు ఎరువు, ఐదు కప్పుల ఏసీ నీళ్లు కలిపి, గంట తర్వాత వడగట్టి మీటరు ముంచాను. 2,340.

ఎక్కడిదీ ఉప్పు? రెండు రోజులు ఆలోచిస్తే సింకు దగ్గర దొరికింది. పోయినేటి మాగాయ జాడీ అడుగు, ఆవకాయ ముక్కల పీచు, ఎవరూ తినని పులుసు కూర, అన్నీ బకెట్‌లోకే పోతున్నాయి. కొత్త ఆవకాయ పెట్టే ముందు పాత జాడీ కడిగి ఆ బకెట్‌లో వేసింది నేనే. రెండో బకెట్‌కు పచ్చివే వేశాం: తొక్కలు, కాడలు, టీ పొడి, పూజ పూలు. అది 1,120 చూపించింది. దాన్ని ఒకటికి నాలుగు పాళ్లు మట్టి కలిపి వాడాను. మొదటిది కరివేపాకు చెట్టుకు దూరంగా, గోడ పక్కన పోసి వానకు వదిలేశాను.

లెక్క: ఖర్చు ₹4,360.

దశ 5: వాషింగ్ మెషీన్ (జులై)

జులైలో 200 లీటర్ల నీలం డ్రమ్ము ₹900కి కొని, మెషీన్ గొట్టం అందులో పెట్టాను. వాకిలి కడగడానికి, ఫ్లష్‌కు వాడదామని. మూడో రోజుకు కుళ్లిన వాసన. వారం తర్వాత, శుక్రవారం డ్రైడే అని అన్ని పాత్రలూ బోర్లిస్తుంటే, డ్రమ్ము మూత కింద దోమ పిల్లలు తోకలాడిస్తూ కనిపించాయి. ఊరికి డెంగీ జాగ్రత్తలు చెప్పే ఇంట్లో దోమల ఫారం. ఆ సాయంత్రమే ఒంపేశాను.

మార్పు: నిలవ లేదు. వారానికి నాలుగుసార్లు ఒక్కో వాయి వేసే బదులు, వారంలో రెండు రోజులు రెండేసి వాయిలు వెంట వెంటనే. మొదటి వాయి చివరి జాడింపు (45 లీటర్లు) రెండో వాయి సబ్బు నీళ్లుగా తిరిగి మెషీన్‌లోకి. రెండో వాయి చివరి జాడింపు 45 లీటర్లు అదే రోజు బాత్రూమ్‌కు. మొదటి సబ్బు నీళ్లు 2,650 కదా, వాటి జోలికి పోలేదు. గొట్టం చివర పాత సాక్సు కడితే నూలు పోగులు ఆగుతాయి. ముదురు రంగు బట్టలు మొదటి వాయిలో వద్దు. ఆయన తెల్ల లుంగీ ఇప్పుడు తెల్లది కాదు.

వారానికి 180 లీటర్లు. జులై 16 నుంచి లెక్కలోకి. ఖర్చు ₹5,260.

దశ 6: వాన నీళ్లు (ఆగస్టు – డిసెంబరు)

ముందు చేసిన పనికిమాలిన పని చెప్తాను. ఇంకుడు గుంత. నాలుగడుగుల చదరం, ఆరడుగుల లోతు, కూలి ₹1,200. నీళ్లు పోసి చూస్తే మూడు రోజులకు కూడా అడుగున అడుగు నీళ్లు నిలిచే ఉన్నాయి. మా వీధిది నల్లరేగడి. తడిస్తే మూసుకుపోతుంది. తవ్వక ముందే చెయ్యాల్సిన పరీక్ష తవ్వాక చేశాను: అడుగు లోతు గుంట తీసి, రాత్రంతా నానబెట్టి, ఉదయం నింపి గంట తర్వాత స్కేలుతో కొలవాలి. అర అంగుళం కూడా దిగలేదు. కావలి, నెల్లూరు వైపు ఇసుక నేలలున్న వాళ్లకు ఈ గుంతే చాలొచ్చు. నేను పూడ్పించేశాను. ఖర్చు ₹6,460.

తర్వాత ట్యాంకు ఆలోచన. లెక్క తేలికే: చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మా డాబా 80 చదరపు మీటర్లు, కాబట్టి మిల్లీమీటరుకు 80 లీటర్లు. తడవడానికీ ఆవిరికీ పోగా ఐదింట నాలుగొంతులు చేతికొస్తాయి. 

సెప్టెంబరులో అమర్చినవి: డాబా నీళ్ల గొట్టానికి నాలుగంగుళాల పీవీసీ పైపు, టీ, ఎండ్ క్యాప్, క్లాంపులు ₹2,350. ఫిల్టరుకు 200 లీటర్ల డ్రమ్ము ₹900. కంకర, ఇసుక, బొగ్గు ₹420. కూలి ₹1,500. మొదటి వాన నీళ్లు వదిలేయడానికి మూడడుగుల నిలువు పైపు పెట్టించాను.

సెప్టెంబరు జల్లులో ఆ పైపు చాలదని తేలిపోయింది. మూడడుగుల నాలుగంగుళాల పైపులో పట్టేది ఎనిమిది లీటర్లు కూడా కాదు. డాబా మీది దుమ్ము, పావురాల రెట్ట కడుక్కుపోవాలంటే కనీసం మొదటి మిల్లీమీటరు, అంటే 80 లీటర్లు వదిలేయాలి. పైపుతోనే పట్టాలంటే 30 అడుగుల పైన కావాలి. పైపు కోసేసి 100 లీటర్ల డ్రమ్ము (₹450) పెట్టాం. అది నిండాకే నీళ్లు ఫిల్టరువైపు తిరుగుతాయి. డ్రమ్ము అడుగున చిన్న కుళాయి, వాన వెలిసాక విప్పెయ్యాలి. మరిచిపోతే మళ్లీ దోమలు.

ట్యాంకు వెయ్యి లీటర్లది, ₹5,200. నేల మీదే, రెండు వరసల ఇటుకల మీద, అడుగున కుళాయితో. మోటరు పెట్టలేదు.

లెక్క: ఖర్చు ₹17,280.

అక్టోబరు: రాయడానికేమీ లేదు. ఈశాన్య రుతుపవనాలు మనకు అసలైన వానలు. ఆ ఏడాది అక్టోబరు ఎండలతోనే పోయింది. రోజూ సాయంత్రం డాబా ఎక్కి మబ్బులు చూడటం, దిగడం. "పెళ్లికొడుకు రాని విడిది ఇల్లులా ఉంది నీ ట్యాంకు" అన్నారు అత్తయ్య.

నవంబరు 22: సాయంత్రం వాన. నిట్టనిలువు అంచుల బిస్కెట్ల టిన్నులో స్కేలు పెట్టి కొలిస్తే 11 మిల్లీమీటర్లు. పది నిమిషాలు బాగానే నడిచింది. తర్వాత ఫిల్టరు డ్రమ్ము పైనుంచి పొర్లింది. పై పొరలో సన్న ఇసుక వేయించాను, జోరు వానకు అది నీళ్లు దిగనివ్వలేదు. పైగా కడగని బొగ్గు తేలి, ట్యాంకులోకి టీ డికాషన్ రంగు నీళ్లు. ట్యాంకుకు చేరింది 560 లీటర్లు, టీడీఎస్ 118. అందులో 420 కుండీలన్నీ మరోసారి కడగడానికే వాడాను. రంగు మొక్కలకు ఏమీ చెయ్యలేదు.

ఆ వారం ఫిల్టరు మొత్తం విప్పి మళ్లీ పేర్చాం. కిందినుంచి పైకి:

1. నలభై మిల్లీమీటర్ల కంకర, 8 అంగుళాలు
2. ఇరవై మిల్లీమీటర్ల కంకర, 6 అంగుళాలు
3. నైలాన్ దోమతెర
4. ఐదు నీళ్లు కడిగిన బొగ్గు, పాత బియ్యం సంచిలో కట్టి
5. మళ్లీ దోమతెర
6. జల్లెడ పట్టిన గరుకు ఇసుక, 6 అంగుళాలు
7. ఆకులు ఆగడానికి పైన ఒక తెర

డిసెంబరు 3 – 5: మిచాంగ్ తుఫాను. 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. మా టిన్ను నిండి పొర్లింది కాబట్టి కొలత లేదు. ఫిల్టరు నిలబడింది. ట్యాంకు మాత్రం మొదటి రాత్రే నిండి, మిగతాదంతా వీధి కాలువపాలు. 16 మిల్లీమీటర్ల వానకే వెయ్యి లీటర్లు నిండుతాయని కాగితం మీద ముందే ఉంది, అయినా చూస్తూ ఉంటే ప్రాణం ఉసూరుమంది. టీడీఎస్ 46.

కరెంటు పోయింది. వీధిలో ఏ మోటరూ తిరగలేదు, ఎవరి పై ట్యాంకులోనూ చుక్క లేదు. మా ట్యాంకుకు కుళాయి అడుగునే ఉంది కాబట్టి తిప్పితే నీళ్లు. పక్కింటి పెద్దమ్మ ఆరు బకెట్లు, ఎదురింటివాళ్లు నాలుగు. వాన ఇంకా పడుతుండటంతో పట్టుకున్నవి పట్టుకున్నట్టే నిండాయి. అవి నా లెక్కలో రాయలేదు.

డిసెంబరు 31 లెక్క

మెంబ్రేన్ పక్కన పెట్టిన 182 రోజులు × 47: 8,554 లీటర్లు
అంతకుముందున్నవి: 4,186
ఏసీ నీళ్లు, 82 రాత్రులు × 7: 574
వాషింగ్ మెషీన్, 24 వారాలు × 180: 4,320
వాడిన వాన నీళ్లు: 900
మొత్తం 18,534 లీటర్లు. ఖర్చు ₹17,280. లీటరుకు 93 పైసలు.

ఇందులో వాన నీళ్లకు పెట్టింది, గుంత కాకుండానే, ₹10,820. వచ్చింది 900 లీటర్లు. లీటరు 12 రూపాయలు. ల్యాబు పరీక్షకూ వాల్వుకూ కలిపి ₹800 పెట్టిన చోట ఎనిమిదిన్నర వేల లీటర్లు. కుళాయి లైనుకు అయిన ₹2,790 కలిపినా లీటరు అర్ధ రూపాయి దాటదు. నన్ను చూసి ఎవరైనా మొదలుపెడితే ఆ వరసలోనే చెయ్యండి: మీటరు, ల్యాబు, వాల్వు, మెషీన్. వాన ట్యాంకు ఆఖర్న, అదీ డబ్బులుంటే. నేను మాత్రం దాన్ని తీసెయ్యను. కారణం కింద ఉంది.

2024 జనవరి 14: పప్పు పరీక్ష

ఒకే కొట్టు కందిపప్పు, ఒక్కో గ్లాసు, అదే కుక్కరు, మూడు నీళ్లు. వాన నీళ్లు వడగట్టినవే అయినా తాగడానికి వాడటం లేదు. కుక్కరులో ఉడికేవాటికి మాత్రమే.

బోరు: 7 విజిళ్లు, ఇంకా పలుకు తగులుతోంది
కుళాయి: 5
వాన: 4, గరిటె పెట్టగానే వెన్నలా చితికింది

అత్తయ్య మూడో గిన్నెలోనే చారు పెట్టారు. వాళ్ల ఊళ్లో వాన మొదలైతే చూరు కింద ఇత్తడి గంగాళం పెట్టేవారట, ఆ నీళ్లు పప్పుకీ తలంట్లకీ దాచేవారట. "గంగాళానికి పన్నెండు రూపాయలు పెట్టలేదులే" అని కూడా అన్నారు. బట్టల సబ్బు పొడి కూడా వాన నీళ్లలో సగం చాలుతోంది, నురగ ఇట్టే వస్తుంది.

జనవరి 28

ట్యాంకులో 410 లీటర్లు. కరివేపాకు కొమ్మల చివర రాగి రంగు చిగుళ్లు, కింద పాత కొమ్మలు రెండు ఇంకా మోడుగానే ఉన్నాయి. మీటరు బటన్ సెల్ బలహీనపడి ఏసీ నీళ్లకు కూడా 70 చూపించింది, మార్చాలి. ఫిల్టరు డ్రమ్ము ఎండిపోయి చిన్న వాసన పట్టింది. ఇసుక బయటికి తీసి డాబా మీద ఎండబెట్టాలి, వచ్చే ఆదివారం.